కుడికి తోశావు, బావా

ముప్పై నాలుగేళ్లు లారీ నడిపిన మనిషిని తెచ్చి ఇంట్లో కూర్చోబెడితే ఎలా ఉంటాడు? ఒడ్డున బోర్లించిన పడవలా ఉంటాడు. బావ అలాగే ఉన్నాడు. ఉద్యోగం దిగి ఏడాది దాటినా పొద్దున అయిదింటికే లేచేవాడు, మొహం కడుక్కునేవాడు, భుజాన తువ్వాలు వేసుకునేవాడు. ఎక్కడికీ వెళ్లే పని లేక కిటికీ పక్కన కూర్చునేవాడు. రోడ్డు మీద పోయే బండ్లను చూడకుండానే, చప్పుడును బట్టి ఏ బండికి క్లచ్చు అరిగిందో, ఏ బండికి లోడు ఎక్కువైందో చెప్పేవాడు. వినడానికి అక్క ఉండేది. అప్పుడప్పుడూ అక్క తమ్ముడు ఉండేవాడు.

జరిగిందంతా ఆ తమ్ముడి వల్లే జరిగింది కాబట్టి అతని గురించి ముందు చెప్పాలి. వీధి మలుపులో అతనికి మోటార్లు చుట్టే కొట్టు ఉంది. కాలిపోయిన నీళ్ల మోటార్లు, ఫ్యాన్లు, మిక్సీలు అన్నీ వచ్చి అతని బల్ల మీద పడతాయి. మాడిన తీగ లాగేసి, కొత్త రాగితీగ చుట్టి, వార్నిష్‌లో ముంచి, ఆరబెట్టి పంపిస్తాడు. ఎప్పుడు చూసినా చేతులకు వార్నిష్ వాసనే. ఊరంతా అతన్ని వైండరు అంటారు. బావ మాత్రం బామ్మర్దీ అంటాడు, హుషారుగా ఉంటే ఇంకా ఏవేవో అంటాడు.

బావ బామ్మర్దుల వేళాకోళానికి హద్దూ పద్దూ ఉండదని అందరికీ తెలుసు. బావ ఏమన్నా బామ్మర్ది నవ్వాలి. కోపం వస్తే ఇంకొంచెం ఎక్కువ నవ్వాలి. ఇరవై ఆరేళ్లుగా వైండరు నవ్వుతూనే ఉన్నాడు.

ఆ నవ్వంతా ఒక గోడ గురించి. వయసులో ఉన్నప్పుడు వైండరు కూడా డ్రైవరు కావాలనుకున్నాడు. బావ దగ్గరే నేర్చుకున్నాడు. లైసెన్సు పరీక్ష రోజున ఆఫీసు ఆవరణలో లారీని వెనక్కి తియ్యమంటే తీశాడు, తీశాడు, తీసుకుంటూ పోయి స్నానాల గది గోడకు కొట్టాడు. గోడ కూలింది. లోపల ఒళ్లంతా సబ్బు రుద్దుకున్న గుమాస్తా బకెట్టు అడ్డం పెట్టుకుని బయటికొచ్చాడు. ఆ తర్వాత వైండరు స్టీరింగు ముట్టుకున్నది లేదు. బావ ఆ కథ చెప్పనిదీ లేదు. పెళ్లిళ్లలో చెప్పాడు, చావింట్లో చెప్పాడు. వైండరుకు పిల్లను చూడడానికి వెళ్లిన ఇంట్లో బకెట్టు ఎలా పట్టుకున్నాడో లేచి నిలబడి మరీ చూపించాడు. ఆ పిల్ల కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. ఆ సంబంధం కుదరలేదు. తర్వాత మరేదీ కుదరలేదు. వైండరు మాత్రం నవ్వాడు.

బావ ఉద్యోగం దిగిన రోజున తోటి డ్రైవర్లంతా కలిసి ఒక పెద్ద అట్టపెట్టె ఇచ్చారు. రిమోటుతో నడిచే లారీ, విడి భాగాలుగా. బొమ్మ అన్నమాటే గానీ పిల్లలు ఆడుకునే సరుకు కాదు. మూరెడు పొడవు, లోహపు చట్రం, బరువు మోసే కమాను పట్టీలు, మూడు గేర్లు, నిజం రబ్బరు టైర్లు. వెనక తగిలించే ట్రైలరు ఇంకో పెట్టెలో. మోటారు, బ్యాటరీ, రిమోటు అందులో ఉండవు, విడిగా తెచ్చుకోవాలి. ఏడాది పాటు ఆ పెట్టెలు బీరువా మీద దుమ్ము తిన్నాయి.

వాటిని కిందికి దించింది యార్డు మేనేజరు మాట. బావ పాత కంపెనీలో కొత్తగా పన్నెండు మంది డ్రైవర్లను తీసుకున్నారు. ఒక్కడికీ ట్రైలరు బండిని వెనక్కి పెట్టడం రాదు. వారం తిరిగేసరికి సరుకు దించే అరుగు అంచులు పగులుతున్నాయి, వెనక దీపాలు పగులుతున్నాయి. మేనేజరు దారిలో కనబడి మొత్తుకుంటే, బావ అన్నాడట, మొదటే పెద్ద బండి ఎక్కిస్తే ఎలా వస్తుంది, చిన్న బండితో బల్ల మీద నేర్పిస్తే వారంలో వస్తుంది అని. మేనేజరు నిలబడిపోయి, అలా నేర్పగలిగితే మా వాళ్ల ముందు ఒకసారి చేసి చూపించండి, బాగుంటే ఆ తర్వాతి ఒకటో తారీఖు నుంచి మీరే మా మాస్టారు అన్నాడట.

బావ ఇంటికి వెళ్లి అక్కతో చెప్పలేదు. సూటిగా కొట్టుకొచ్చి, చుట్టిన మోటారు మీద చెయ్యి వేసి, వైండరుతో చెప్పాడు. ఎన్నడూ లేనిది గొంతు తగ్గించి చెప్పాడు.

"మా నాన్నకి అరవై రెండులో మొదలైంది రా. ముందు గుండీలు తప్పు పెట్టుకునేవాడు. తర్వాత కుడి చెప్పు ఎడమ కాలికి. తర్వాత నేనెవరో తెలియలేదు. నాకిప్పుడు అరవై ఒకటి. ఖాళీగా కూర్చుంటే నాకూ వస్తుందేమోనని భయం. ఈ పని దొరికిందనుకో, నా బుర్ర బాగున్నట్టే."

ఆ మాట అక్కకు కూడా చెప్పుకోని మాట. వైండరు ఒక్కడికే చెప్పాడు.

లారీ కట్టడానికి, నడపడం పట్టుబడడానికి మూడు నెలలు పట్టింది. మధ్యాహ్నం పూట బేరం పలచబడ్డాక వైండరు బల్ల సగం ఖాళీ చేసేవాడు. మరలన్నీ చిన్న చిన్న పొట్లాల్లో, పొట్లానికో అక్షరం. బావకు ఆ అక్షరాలతో పని లేదు, పుస్తకంలో బొమ్మలు చూసి బిగించేవాడు. కళ్లజోడు మీద ఇంకో కళ్లజోడు పెట్టుకునేవాడు. మర జారి నేల మీద పడితే, వైండరు అయస్కాంతం దారానికి కట్టి బల్ల కిందంతా ఈడ్చేవాడు. వెనక ఇరుసు మధ్యలో గుండ్రటి పెట్టె ఉంటుంది, దాన్ని డ్రైవర్లు హౌసింగు అంటారు. అందులోని బుల్లి పళ్ల చక్రాలకు గ్రీజు రాస్తూ బావ, మలుపులో బయటి చక్రం ఎక్కువ తిరగాలి కదరా, ఆ సంగతి ఈ శనగగింజంత దానికి కూడా తెలుసు చూడు అని మురిసిపోయాడు. క్యాబిన్‌కు తను నడిపిన బండి రంగే, నీలం, మూడు పూతలు వేశాడు. ముందు బంపరుకు ఎడమ మూల ఒక సొట్ట కూడా పెట్టాడు. తన బండికి అక్కడ సొట్ట ఉండేదట.

మోటారు పని వైండరుది. బజారులో దొరికిన మోటారు ఎలకపిల్లలా ఉరికింది. లారీ అలా ఉరకకూడదని అతనికి తెలుసు. రేకు విప్పి, ఉన్న తీగ లాగేసి, సన్నతీగతో ఎక్కువ చుట్లు చుట్టాడు. వేగం తగ్గి బలం పెరిగింది. మళ్లీ బిగించి నడిపితే లారీ నిండా ఇటుకలు మోస్తున్న దానిలా బరువుగా, నింపాదిగా కదిలింది. బావ చాలాసేపు దాని చప్పుడే విన్నాడు. తర్వాత వైండరు వీపు మీద ఒకటి చరిచాడు. ఇరవై ఆరేళ్లలో వేళాకోళం లేకుండా బావ చెయ్యి తన మీద పడింది ఆ ఒక్కసారే.

స్టీరింగు కట్టిన రోజు ఒక చిన్న సంగతి జరిగింది. చక్రాలను తిప్పే బుల్లి పెట్టెను వైండరు ఆవలి పక్క బిగించాల్సి వచ్చింది. అందుకని రిమోటులో పుల్ల ఎడమకు తోస్తే చక్రాలు కుడికి తిరిగాయి. దానికి మళ్లీ విప్పక్కర్లేదు. రిమోటు కింద చిన్న మూత ఉంటుంది. మూత తీస్తే గోరంత మీటలు నాలుగు. ఒకదాన్ని ఇటు నుంచి అటు జరిపితే తిరగడం తిరగబడి సరిపోతుంది. జరిపాడు, సరిపోయింది. బావ అప్పుడు వెనక కొళాయి దగ్గర చేతుల రంగు కడుక్కుంటున్నాడు. చెప్పేంత విషయం కాదని వైండరు చెప్పలేదు.

నడపడమే బావకు గండమైంది. లారీ తన నుంచి అవతలికి పోతుంటే రాజాలా నడిపేవాడు. అదే లారీ తన వైపు తిరిగి వస్తుంటే బొటనవేలు తడబడేది. బండి ఎదురుగా వస్తున్నప్పుడు దాని ఎడమ మన కుడి అవుతుంది కదా. ముప్పై నాలుగేళ్లు బండి లోపల కూర్చున్న ఒళ్లు అది, బయట నిలబడి నడపడం దానికి తెలియదు. ఎడమ కావాలంటే కుడి తోసేవాడు, కుడి కావాలంటే ఎడమ తోసేవాడు, లారీ పోయి వార్నిష్ డబ్బాలకు కొట్టేది. బావకు చెమటలు పట్టేవి. ఇది ఆ జబ్బే కాదు కదా అని ఒకసారి అడిగాడు. మొదట్లో అందరికీ ఇంతే బావా, నాకూ ఇంతే అని వైండరు ధైర్యం చెప్పాడు. అది నిజమే.

చివరికి బావ తన కిటుకు తనే కనిపెట్టాడు. బండి ఎటు చూస్తే తనూ అటే తిరిగి నిలబడేవాడు. లారీ తన వైపు వస్తుంటే దానికి వీపు పెట్టి, కిటికీలోంచి వెనక్కి చూసినట్టు భుజం మీదుగా చూసేవాడు. బల్ల చుట్టూ తిరుగుతూ మనిషే లారీ అయిపోయేవాడు. వీధిలో పోయేవాళ్లు నిలబడి నవ్వేవారు. నవ్వితే నవ్వనీ అనేవాడు. మూడో నెల ముగిసేసరికి రెండు ఇటుకల మధ్య, అటు వేలెడు ఇటు వేలెడు సందుతో, ట్రైలరును ఒక్క ఊపులో వెనక్కి పెట్టేవాడు. పదిసార్లు పెట్టమంటే పదిసార్లూ పెట్టేవాడు. పక్కనే ఉండి తిప్పీ తిప్పీ వైండరుకూ అది పట్టుబడింది.

ఆ రోజు బావ చిన్న కారులో ఇద్దరూ యార్డుకు వెళ్లారు. డ్రైవర్లు పడుకునే గదిలో రెండు బల్లలు కలిపి వేసి, చివర చెక్కపెట్టెలు పేర్చి సరుకు దించే అరుగులా చేశారు. కొత్త డ్రైవర్లు పన్నెండు మంది గోడకు ఆనుకుని నిలబడ్డారు. మేనేజరు కుర్చీలో కూర్చున్నాడు. వైండరు మూల స్టూలు మీద రిమోటు ఒళ్లో పెట్టుకుని బ్యాటరీలు వేస్తున్నాడు.

బావ మాట్లాడడం మొదలుపెట్టాడు. నిజం చెప్పాలంటే అంత బాగా చెబుతాడని ఎవరూ అనుకోలేదు. ట్రైలరును తోయకూడదు, బతిమాలాలి అన్నాడు. అలిగిన ఆడబిడ్డలాంటిది అది, నువ్వు ఎటు లాగితే దానికి ఎదురు పోతుంది, కాబట్టి నీకు కావలసిన వైపు పొమ్మని ఎప్పుడూ చెప్పకు, అవతలి వైపు పొమ్మను, ఇటే వస్తుంది అన్నాడు. కుర్రాళ్లు కదలకుండా విన్నారు. మేనేజరు ముందుకు వంగాడు. అక్కడితో ఆపి ఉంటే అయిపోయేది. కానీ బావకు ఊపు వచ్చింది. జనం చెవులప్పగించి వింటుంటే బావకు ఒకటే కథ గుర్తుకొస్తుంది.

గోడ చెప్పాడు. సబ్బు చెప్పాడు, బకెట్టు చెప్పాడు. ఈసారి గుమాస్తా నడక కూడా నడిచి చూపించాడు. గది గదంతా పగలబడి నవ్వుతుంటే చెయ్యి చాచి, ఆ మహానుభావుడు ఎక్కడో లేడు, ఇదిగో ఇక్కడే ఉన్నాడు, మా బామ్మర్ది అన్నాడు. పన్నెండు తలలూ ఇటు తిరిగాయి. పొద్దుటిదాకా అతని మొహం కూడా తెలియనివాళ్లు. వైండరు నవ్వాడు. నవ్వుతూనే ఉన్నాడు, గోరు రిమోటు కింద మూత తీసి, మీట జరిపి, మూత మూసింది. చప్పుడు కూడా కాలేదు.

అతను అనుకున్నది ఇంతే. ఒక్కసారి బండి ఎదురు తిరుగుతుంది, అందరూ బావను చూసి నవ్వుతారు, ఎలా ఉంది బావా అని అడిగి మీట మళ్లీ జరిపేస్తాను. బావ చేసేది వేళాకోళమైతే ఇదీ వేళాకోళమే.

బావ రిమోటు తీసుకున్నాడు, బండి ఎటు చూస్తుందో అటే తిరిగి నిలబడ్డాడు, ముందుకు నడిపాడు. ఎడమకు తిప్పబోయాడు. లారీ కుడికి పోయింది. ఆపాడు. మళ్లీ తిప్పాడు. ఇంకా కుడికి పోయింది. వెనక నుంచి ఎవడో, పెద్దాయనా ఇక్కడ కూడా స్నానాల గది ఉందా అన్నాడు. గది నవ్వింది. బావ కూడా నవ్వాడు. వెనక్కి తీసి, మళ్లీ మొదలుపెట్టాడు. ట్రైలరు మెలిక తిరిగి అడ్డంగా నిలబడింది. ఇంకా నవ్వారు. బావ ఈసారి నవ్వలేదు. తన బొటనవేలిని చూసుకున్నాడు. మెల్లిగా వచ్చి వైండరు మీదికి వంగాడు.

"బామ్మర్దీ, నేను ఎడమకే తోశాను కదా?"

చెప్పాల్సిన క్షణం అదే. నాలుక చివరిదాకా వచ్చింది. కానీ వైండరు బావ భుజం మీదుగా చూశాడు. పన్నెండు మందీ నవ్వుతున్నారు, ఆ నవ్వు తన మీద కాదు. ఇరవై ఆరేళ్లకు మొదటిసారి.

"కుడికి తోశావు, బావా. నేను చూశాను."

"తీగల్లో ఏమన్నా తేడా వచ్చిందేమో రా."

"తీగలు బాగానే ఉన్నాయి."

బావ వెళ్లి మళ్లీ నిలబడ్డాడు. ఈసారి రిమోటును కళ్ల దగ్గర పెట్టుకుని, పసిపిల్ల అడుగు వేసినట్టు వేలు కదిపాడు. ఎంత మెల్లిగా కదిపినా ఎదురు ఎదురే. ట్రైలరు చెక్కపెట్టెలను పడగొట్టి, రెండు చక్రాలు బల్ల అంచు దాటి గాలిలో వేలాడుతూ ఆగింది. అప్పుడు ఎవరూ నవ్వలేదు. అది నవ్వు కంటే అధ్వాన్నంగా ఉంది. మేనేజరు లేచి, కూర్చోండి పెద్దాయనా, నీళ్లు తాగండి అని కుర్చీ ఇచ్చాడు. తర్వాత, బండేమన్నా పాడైందా అని వైండరును అడిగాడు.

వైండరు రిమోటు తీసుకున్నాడు. బ్యాటరీలు సరిచేసినట్టు గోడ వైపు తిరిగి మీట వెనక్కి జరిపాడు. పెట్టెలు మళ్లీ పేర్చి, లారీని బల్ల మీదికి ఎత్తి, ముందుకు తీసి, ఒక్క ఊపులో అరుగుకు ఆనించాడు. పుల్ల దూరేంత సందు కూడా లేకుండా ఆనించాడు. చప్పట్లు కొట్టారు. అందరికంటే గట్టిగా కొట్టింది బావే.

తిరుగు దారిలో బావ కారు తియ్యలేదు. యార్డులోనే వదిలేశాడు. లారీని చంకలో పెట్టుకుని నడిచాడు, ట్రైలరు పట్టుకుని వైండరు నడిచాడు. నాలుగు వీధులు. ఒక్కో మలుపు దగ్గరా చెప్పేద్దామనుకున్నాడు వైండరు. కానీ వేళాకోళం పాల లాంటిది, పొద్దుటిది సాయంత్రానికి విరుగుతుంది. మొదటి వీధిలో చెబితే వేళాకోళం. నాలుగో వీధిలో చెబితే అది వేరే ఏదో. ఇంటి గుమ్మం ముందు బావ ఆగి, మీ అక్కకు ఏమీ చెప్పకు అన్నాడు. సరే బావా అన్నాడు వైండరు. ఆ మాట మాత్రం నిలబెట్టుకున్నాడు.

మూడు రోజులకు మేనేజరు కొట్టుకు వచ్చాడు. మంచి మాస్టారు దొరికేదాకా శనివారం పొద్దుటి పూట ఆ బల్ల పాఠం మీరు చెప్పండి అన్నాడు. వైండరు వద్దనేవాడేమో. బావే బలవంతం చేశాడు. నా లారీయే తీసుకెళ్లు, బీరువా ఎక్కి కూర్చునే కంటే తిరిగితే మంచిది అన్నాడు. శనివారం తనూ వచ్చేవాడు. వైండరుకు బల్ల మీద తిప్పడం తెలుసు గానీ బండి సంగతి ఏం తెలుసు? బావ వెనక స్టూలు మీద కూర్చుని మెల్లిగా అందిస్తే, వైండరు గట్టిగా చెప్పేవాడు. ఆడబిడ్డ మాట కూడా వైండరు నోటి నుంచే వచ్చింది. బాగా చెబుతున్నారు సార్ అన్నాడు ఒక కుర్రాడు. వైండరును సార్ అన్నవాడు అంతకు ముందు లేడు. ఆ పూట కొట్టుకు వెళ్లేటప్పుడు వైండరు చొక్కా టక్ చేసుకుని ఉన్నాడు.

ఇంట్లో బావ సంగతి వేరే దారి పట్టింది. నిలువునా కూలిపోయే మనిషి కాదు, పని తెలిసిన మనిషి, మరమ్మతు మొదలుపెట్టాడు. తన చెయ్యి అబద్ధం చెబుతోంది కాబట్టి, చెయ్యి ఏమంటే దానికి ఎదురు చెయ్యాలని నియమం పెట్టుకున్నాడు. కొళాయి కట్టెయ్యాలనిపిస్తే ఇటు కాదేమో అనుకుని ఎదురు తిప్పేవాడు, నీళ్లు పొంగేవి. చెప్పులు సరిగ్గానే తొడుక్కుని, ఆగి, విప్పి, మార్చి తొడుక్కునేవాడు. అక్క చూసింది. మామగారి చెప్పులు ఆవిడకు తెలుసు కదా. గుండెలు బాదుకుని ఆసుపత్రికి తీసుకెళ్లింది, తోడు తమ్ముణ్ణి రమ్మంది. తలకు ఫొటోలు తీశారు. ఈ వయసులో మెదడు కాస్త కుంచించుకుంటుంది, అందరికీ ఉండేదే, భయం లేదు అన్నాడు డాక్టరు. అక్కకు కుంచించుకుంది అన్న ఒక్క మాటే వినిపించింది. బావకూ అదే వినిపించింది. పక్కనే కూర్చున్న వైండరుకు మొత్తం వినిపించింది. తీగ ఎదురు చుడితే మోటారు ఎదురు తిరుగుతుందని అతని కంటే బాగా ఎవరికి తెలుసు? చుట్టింది తనే. నోరు మాత్రం విప్పలేదు. ఆ మర్నాడు శనివారం.

ఒక రోజు బావ కిళ్లీ కొట్టుకని బయల్దేరి, మలుపులో ఎడమకు తిరగబోయి, ఆగి, తన మాట తనే నమ్మక కుడికి తిరిగాడు. అలా ప్రతి మలుపులో. పొద్దు వాలేటప్పటికి ఊరి చివర గిడ్డంగుల దగ్గర దొరికాడు. ఆ తర్వాత అక్క కుట్టుపనికి వెళ్లేటప్పుడు బయట నుంచి తాళం వెయ్యడం మొదలుపెట్టింది. ఒక తాళంచెవి తమ్ముడికి ఇచ్చింది, మధ్యాహ్నం వెళ్లి చూసి రమ్మని. నువ్వు లేకపోతే నేనేమైపోయేదాన్నో రా తమ్ముడూ అనేది.

ఇంకో నెలకు కంపెనీకి నిజం మాస్టారు దొరికాడు. వైండరుకు దండం పెట్టి, లారీ వెనక్కి ఇచ్చి పంపారు. శనివారాలు మళ్లీ వార్నిష్ పాలయ్యాయి. సార్ అనేవాడు లేడు. ఇక పోగొట్టుకోవడానికి ఏమీ మిగల్లేదు. అప్పుడొచ్చింది మనస్సాక్షి, తీరిక చూసుకుని వచ్చే చుట్టంలాగా.

ఒక మధ్యాహ్నం తాళం తీసి లోపలికి వెళ్లాడు. బావ నేల మీద కూర్చుని లారీని గుడ్డతో తుడుస్తున్నాడు. వైండరు ఎదురుగా కూర్చుని మొత్తం చెప్పాడు. మూత తీసి మీట చూపించాడు. బావ కళ్లజోడు మీద కళ్లజోడు పెట్టుకుని చూశాడు. తనే జరిపి చూశాడు. చక్రాలు ఎదురు తిరిగాయి. మళ్లీ జరిపాడు. సరిగ్గా తిరిగాయి.

"ఇది ఎప్పుడు పెట్టావురా?"

"మొదటి నుంచీ ఉంది బావా. నీకు చెప్పలేదు."

"మీ అక్క చెప్పమందా?"

"అక్కకి తెలియదు. ఒట్టు."

"మరి నువ్వెందుకు చేస్తావు అలా?"

"గోడ కథ చెప్పావని."

బావ నవ్వాడు. చాలా రోజులకు కడుపు నిండా నవ్వాడు.

"గోడకా? ఇరవై ఆరేళ్లూ నాకంటే ముందు నవ్వింది నువ్వే కదరా. నీకు కోపం రావడం నేను ఒక్కనాడు కూడా చూడలేదు. నన్ను ఊరడించడానికి ఇంత కథ కట్టావు. మంచివాడివిరా నువ్వు."

వైండరు ఏడ్చినంత పని చేశాడు. చేసి చూడమన్నాడు. మీట సరిగ్గా పెట్టి, లారీని నేల మీద పెట్టి, రిమోటు బావ చేతిలో పెట్టి, ఎడమకు తిప్పు బావా అన్నాడు. బావ బొటనవేలు ఎడమకు బయల్దేరింది. వేలు ఆగింది. బావ దాన్ని అనుమానంగా చూశాడు, పైకెత్తాడు, ఎదురు పక్కకు తోశాడు. లారీ కుడికి తిరిగి మంచం కోడుకు కొట్టుకుని ఆగింది.

"ఎటు తోశాను?"

వైండరు మంచం కోడు దగ్గర నుంచి లారీని తీసి సరిగ్గా పెట్టాడు.

"చెప్పరా. నువ్వు చెబితే నమ్ముతాను."

"కుడికే, బావా."

"మరి? ఆ రోజు అందరూ నవ్వారు. నిజం చెప్పింది నువ్వొక్కడివే." బావ అతని భుజం తట్టాడు. "మీ అక్కతో మాత్రం ఈ మీట గొడవ చెప్పకు. పిచ్చిది, ఆశ పెట్టుకుంటుంది."

వైండరు లేచాడు. ఇప్పుడు అక్కకు చెబితే ఏమవుతుందో ఆలోచించాడు. అక్క నమ్మితే తన మొహం చూడదు. బావ ఎలాగూ నమ్మడు. ఎవరికీ లాభం లేని నిజం ఎందుకు అనుకున్నాడు. అలా అనుకోవడం తేలికగానే ఉంది. గుమ్మం దాటి తలుపు దగ్గరికి లాగాడు, గడియ పెట్టాడు, తాళం తగిలించి నొక్కాడు. లోపల నుంచి బావ అడుగులు తలుపు దాకా వచ్చాయి. బయల్దేరే ముందు ట్రైలరు కొక్కెం సరిగ్గా పడిందో లేదో చూసుకునే మనిషి గొంతుతో అన్నాడు.

"బామ్మర్దీ, ఒకసారి లాగి చూడు, సరిగ్గా పడిందో లేదో."

వైండరు తాళం పట్టుకుని లాగాడు.

"పడింది, బావా," అన్నాడు.